పదకొండు దెబ్బలు

అరవైల మొదట్లో ఒక మధ్యాహ్నం నందిగామలో జగ్గయ్యపేట బస్సు కోసం కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన చేతికర్రకి పట్టుకునే చోట వంకర ఇనుప ముక్క ఉంది. అదేమిటని అడిగాను.

"గోల్ఫు కర్రండి. నీలగిరుల్లో టీ తోట గుమాస్తాగా చేసా. ఒకరోజు జోడీ లేక దొర నన్ను ఆడమన్నాడు. ఎన్ని తక్కువ దెబ్బల్లో బంతి గుంటలో పడితే అంత గొప్పండి. నా బంతి కొండచరియ కింద రాళ్ళలో పడింది. దొర పైనున్నాడు, నేను కనపడను. చేత్తో తీసి పైకి విసిరినా అడిగేవాడు లేడు. విసర్లేదండి. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టా. గుంటలో పడ్డాక పదకొండని చెప్పా. దొర నవ్వి పదిహేను రాసుకున్నాడు."

"సరిగ్గా పదకొండేనాండీ?" అన్నాను, ఊరికే మాట కలపడానికి.

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూశారు. కర్ర తిరగేసి, ఆ ఇనుప ముక్కతో కాలి దగ్గరి గులకరాయిని మెల్లగా తట్టారు. అది దొర్లుకుంటూ రోడ్డు దాకా పోయింది. అంతలో బస్సొచ్చింది.

జగ్గయ్యపేట దాకా ఒకే సీట్లో కూర్చున్నాం. ఆయన దారంతా కిటికీలోంచి బయటికే చూశారు.

దొర తన అనుమానాన్ని కాగితం మీద రాసుకున్నాడు. నేను రాసుకోలేదు. అంతే తేడా.