వేలికంటని నలుపు

ఫౌండ్రీలో ఆయన్ని అందరూ బూడిద మేస్త్రి అనేవారు. ముప్పై ఏళ్లుగా ఆయన నోట ఆ మాట వస్తే తప్ప కరిగిన ఇనుము అచ్చుల్లోకి దిగేది కాదు. కొలిమిలోంచి గరిటెడు తీసి, ఒక పక్క మొనదేలిన చీలిక ఆకారంలో చిన్న ముక్క పోసి, చల్లార్చి, సుత్తితో ఒక్కటి వేసేవాడు. విరిగిన చోట బూడిద రంగు కనిపిస్తే, పెన్సిల్లో ఉండే నల్లసీసమే లోపల సన్నని రేకులుగా విచ్చుకుందన్నమాట. అలాంటి పోత యంత్రాల అదురును మింగేస్తుంది, లేత్ మీద చెక్కితే పొడిపొడిగా రాలుతుంది. విరుపు ఉప్పురాయిలా తెల్లగా మెరిస్తే మాత్రం దాని మీద చెక్కే టూలు దిగదు.

"బూడిదే! పొయ్యండర్రా!" అని ఆయన కేకేస్తే మరెవరూ ఆ ముక్క వంక చూసేవారు కాదు.

ఆ చూడకపోవడమే మూడు నెలలుగా ఆయన్ని కాపాడుతోంది. కళ్లకు పొర కమ్మింది. ముక్క విరిస్తే మసక మరక తప్ప రంగు తెలియడం లేదు. ఆపరేషన్ చేయించుకోమన్నాడు డాక్టరు. ఆ సంగతి తెలిస్తే గేటు దగ్గర కాపలాకి స్టూలు వేసి కూర్చోబెడతారని భయం. అలవాటు మీద, ధైర్యం మీద కేకేస్తూ వచ్చాడు.

ఆ రోజు ఆయన పోయించిన పంపు బాడీలు లేత్ ఎక్కాయి. లేత్ నడిపేది ఆయన చెల్లెలి కూతురే. చిన్నప్పుడు మావయ్య జేబులో ఇనపముక్కలు వెతుక్కుని, విరుపు రంగులు చెబుతూ ఆడుకున్న పిల్ల. టూలు ఆనించగానే గాజు మీద మేకు గీసినట్టు కీచుమంది. మొన విరిగింది. మరోటి బిగించింది, అదీ విరిగింది. ఆరోది విరిగేసరికి సూపర్‌వైజరు వచ్చాడు.

"టూలు సాన పట్టడం రాదుగానీ లేత్ కావాలి!"

"సాన బాగానే ఉంది సార్. పోతే గట్టిగా ఉంది."

"ఆహా! ముప్పై ఏళ్ల మేస్త్రికి నువ్వు పాఠం చెబుతావా? ఏం మేస్త్రీ, మీ పోతలో ఏమన్నా తేడా ఉందా?"

మేనకోడలు మేస్త్రికేసే చూస్తోంది. మొహం సరిగా కనపడకపోయినా ఆ చూపు మాత్రం తగిలింది.

"పోతలో దోషం లేదండీ. నేను చూసే పోయించాను."

ఆ అమ్మాయి విరిగిన మొనలన్నీ గుడ్డలో మూటగట్టింది.

"రేపట్నించి లేత్ వద్దు. పోతలకంటిన ఇసక దులిపే షెడ్డుకెళ్లు," అన్నాడు సూపర్‌వైజరు.

మధ్యాహ్నం మావయ్య దగ్గరికి రాకుండా వేరేచోట కూర్చుని తింది. ఆయన క్యారేజీ మూసేశాడు. లేచివెళ్లి ఆ పోత తాలూకు విరిగిన ముక్కను చెత్తకుప్పలో వెతికి తెచ్చుకున్నాడు. విరుపు మీద బొటనవేలు గట్టిగా రుద్దాడు. బూడిద పోతయితే వేలికి నలుపంటాలి. ఆ నలుపు వదలక చుట్టాలిళ్లలో చేతులు దాచుకున్న రోజులున్నాయి. వేలు కంటి దగ్గరికి తెచ్చుకుని చూశాడు. శుభ్రంగా ఉంది. ఆ మసి చేతులు చూసుకుని కూడా ఏనాడూ ఇంత సిగ్గుపడలేదు.

మర్నాడు పొద్దున కొలిమి సిద్ధమైంది. గరిటెలు పట్టుకుని అందరూ నిలబడ్డారు, పక్కనే సూపర్‌వైజరు. మేస్త్రి ముక్క విరిచాడు గానీ కేకెయ్యలేదు.

"ఏంటి మేస్త్రీ, ముహూర్తం చూస్తున్నావా? ఇనుము గడ్డకట్టేలా ఉంది!" అన్నాడు అచ్చుల్లో ఇనుము పోసేవాడు. నలుగురూ నవ్వారు.

"నాకు కనపట్టం లేదురా," అన్నాడు మేస్త్రి. సూపర్‌వైజరు నిలబడ్డ వైపు తిరిగాడు. "మూడు నెలలైంది. పంపు బాడీలు తెల్లపోతండీ సార్. తప్పు నాది, టూలుది కాదు. నిన్న మీరడిగినప్పుడే అనుమానం తగిలింది. నోరు మూసుకుని పిల్ల మీదకి తోసేశాను. షెడ్డులోంచి దాన్ని పిలిపించండి. రంగు చూడ్డం దానికొచ్చు."

సూపర్‌వైజరు షెడ్డుకి మనిషిని పంపాడు. ఇసక కొట్టుకున్న చేతులతో ఆమె వచ్చింది. ముక్కను వెలుగులో తిప్పి చూసింది.

"మొన దగ్గరే కాదు, లోపలిదాకా తెలుపుంది. బూడిద రావాలంటే సిలికాన్ చాలదు, ఇంకాస్త వెయ్యండి."

వేశారు. మళ్లీ ముక్క పోశారు. ఈసారి ఆమే విరిచింది.

"బూడిదే. పొయ్యండి."

ఎర్రని ధార అచ్చుల్లోకి దిగింది. మేస్త్రి చెమట తుడుచుకునే నెపంతో మొహం తువ్వాలులో దాచుకున్నాడు. ఆమె దగ్గరికొచ్చి ముక్కను ఆయన చేతిలో పెట్టింది.

"చేత్తో చూసుకోండి, మేస్త్రిగారూ."

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఆయన్ని మావయ్యా అనకుండా పిలవడం అదే మొదలు. అలా ఎందుకు పిలిచావని అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు. విరుపు మీద బొటనవేలు రుద్దుతూ, గరిటెలన్నీ ఖాళీ అయ్యేదాకా అలాగే తలొంచుకు నిలబడ్డాడు.