డార్లీన్ అమ్మేసిన ప్రాసెసర్

కెనడాలోని మూస్‌జా ఊళ్లో బడి బస్సు నడిపే డార్లీన్, ప్రతి శనివారం సాయంత్రం ఉత్తరాన గనిలో పనిచేసే తమ్ముడు గార్త్‌తో కంప్యూటర్‌లో కార్ల పందెం ఆడుతుంది. వాళ్ల పలకరింపులన్నీ ఆ ఆటలోనే. కొత్త ఆటను పాత యంత్రం మోయలేకపోయింది. అందుకని పాత ప్రాసెసర్‌ను మెర్విన్ అనే విశ్రాంత తపాలా ఉద్యోగికి అమ్మి, ఇంకొంత కలిపి, ఎవరో వాడిన గ్రాఫిక్స్ కార్డును, మెరుగైన ప్రాసెసర్‌ను కొన్నది. పొదుపరికి తొందర ఉండకూడదంటారు. కానీ పొదుపరులకే అది ఎక్కువ.

అన్నీ బిగించి చూస్తే పంకాలు తిరిగాయి, తెర వెలగలేదు. మదర్‌బోర్డులోని ప్రోగ్రాము పాతది. ఆ ప్రోగ్రామును మారిస్తేనే బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తిస్తుంది; మార్చాలంటే ముందు యంత్రం నడవాలి, అందుకు పాత ప్రాసెసరే కావాలి.

శనివారం మధ్యాహ్నం ఆమె మెర్విన్ తలుపు తట్టింది.

"మీకు అమ్మినదాన్నే ఒక్క గంట ఇస్తారా?"

సంగతి విని మెర్విన్ పకపకా నవ్వాడు. "ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాను గానీ, దాటకముందే అమ్మేసినదాన్ని నిన్నే చూశానమ్మా!"

నవ్వుతూనే తన యంత్రం మరలు విప్పాడు. ప్రాసెసర్‌ను గుడ్డులా పట్టుకొని తానూ వెంట వచ్చాడు.

పాతదానితో ప్రోగ్రాము మార్చి, కొత్తది బిగించాక, ఆరింటికి తెర వెలిగింది.

"ఏంటక్కా, భయపడి దాక్కున్నావా?" గార్త్ గొంతు వినిపించింది.

"నోరు మూసుకుని బండి తీయరా," అంది డార్లీన్, కళ్లు తుడుచుకుంటూ.