బయటి గడియ

సత్తెనపల్లి నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో హారన్ మోగినప్పుడల్లా మా పెద్దాడు చెవులు మూసుకుని కేకలు పెడుతున్నాడు. ఎనిమిదేళ్ళవాడు, ఆటిజం. ఒళ్ళో ఏడాదిన్నర పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. మిరపకోత నుంచి వస్తున్న ఓ పెద్దావిడ నా పక్కన కూర్చుంది. చేతులకు ఘాటు ఉంటుందని కొంగు చుట్టుకుని మరీ పాపను ఎత్తుకుంది.

"ఇంటికాడ ఇద్దర్నీ ఎట్టా చూసుకుంటావమ్మా?"

"దీనికి నీళ్ళు పోసేటప్పుడు వాణ్ణి గదిలో పెట్టి బయట గడియ పెడతానండి. లేకపోతే రోడ్డు మీదికి పరిగెత్తుతాడు."

ఆవిడ పాపను భుజాన వేసుకుని జోకొట్టింది.

"మావోడూ ఇట్టాంటోడే. గడియ పెట్టి చేలోకి పోయేదాన్ని. ఓ మధ్యాన్నం పూరిల్లు అంటుకుంది. లోపల్నించి ఒకటే అరుపులంట. ఆడు రోజూ అరిచేవోడే గదా అని ఎవురూ పోలేదు తల్లీ."

మా వీధిలో కూడా మావాడి కేకలకు ఎవరూ బయటికి రావడం మానేశారు. ఆవిడ పాపను నా ఒళ్ళో పడుకోబెట్టి, మావాడి వంక ఒకసారి చూసి, తన ఊరి దగ్గర దిగిపోయింది.

ఇప్పుడు పాపకు స్నానమంటే ముగ్గురం బాత్రూంలోనే. పెద్దాడు మగ్గుతో తన నెత్తిన, దాని నెత్తిన, నా చీర మీద నీళ్ళు కుమ్మరిస్తుంటాడు. ఆపమని అననెప్పుడూ.