బాటనీ అని పడిన హాల్‌టికెట్

సహోదరులారా, సహోదరీలారా, నేను చెప్పబోయేది వినడానికి బాగుండదు. అయినా దేవుడు నన్ను లేపిన సంగతి చెప్పాలంటే, ముందు నేను ఎక్కడ పడి ఉన్నానో చెప్పక తప్పదు.

నా పేరు ఏసోబు. చిట్యాలలో హైవే పక్కన నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది, తెలంగాణ వచ్చిన కొత్తలో పెట్టాను. డిగ్రీ అయిన పిల్లలు పీజీ ఎంట్రెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలంటే చుట్టుపక్కల ఊళ్ల నుంచి నా దగ్గరికే వచ్చేవారు. ఆదివారం మందిరంలో తబలా వాయించేవాణ్ణి, సోమవారం పది గంటలకల్లా టేబుల్ కింద కూల్‌డ్రింక్ సీసాలో కలిపి పెట్టుకున్న మందు తాగేవాణ్ణి. నా భార్య రూతు ఏడ్చింది, ఉపవాసం ఉంది, చివరికి ఆ మాట ఎత్తడమే మానేసింది. నాకేమీ కాలేదని, పని ఎక్కడా ఆగడం లేదని, నా చేతులు నా మాట వింటున్నాయని నాకు ఎంత నమ్మకమో!

శిరీష అనే అమ్మాయి అలాంటి ఒక మధ్యాహ్నమే వచ్చింది. వాళ్ల నాయన మల్లయ్య గొర్రెలు కాస్తాడు, ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. బీఎస్సీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ మూడూ చదివినా ఎమ్మెస్సీ మాత్రం కెమిస్ట్రీయే చేస్తానంది. ఎందుకమ్మా అని అడిగితే, వాళ్ల అవ్వ కాళ్లు ఊరి నీళ్లు తాగే వంకరపోయాయని, ఆ నీళ్లలో ఏముందో తేల్చే చదువు కావాలని చెప్పింది. నేను వింటూనే దరఖాస్తు నింపాను. ప్రింటర్‌లో ఇంకు అయిపోయింది, కాగితం తర్వాత ఇస్తానన్నాను, ఆమె నమ్మి వెళ్లిపోయింది. నింపింది నేను మళ్లీ చదవలేదు, ఆమెకూ చూపించలేదు.

హాల్‌టికెట్లు వచ్చిన రోజు తండ్రీ కూతుళ్లిద్దరూ వచ్చారు. కాగితం తీసి ఆమె చేతికిచ్చాను. చూస్తుండగానే ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. సబ్జెక్టు దగ్గర బాటనీ అని ఉంది! కంప్యూటర్‌లో వచ్చే జాబితాలో కెమిస్ట్రీకి సరిగ్గా పైన ఉండేది బాటనీ, నేను ఒక్క వరుస పైన నొక్కాను. దిద్దుకునే గడువు కూడా దాటిపోయింది. సహోదరులారా, అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నువ్వు చెప్పిందే కొట్టిన. బాటనీ అనే చెప్పినవ్" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను చూసింది, తండ్రిని చూసింది.

"నేనే తప్పు చెప్పిన కావచ్చు బాపు" అంది.

తాను చదవాలనుకున్న చదువు పేరు తనకే తెలియనట్టు! నేనంత చదువుకున్నవాణ్ణని, మందిరానికి పోయేవాణ్ణని, అబద్ధం ఆడనని తన మీద తానే అనుమానపడింది.

వాళ్లు వెళ్లాక సీసా తీశాను, గుటక దిగలేదు. రెండు రోజులు అన్నం కూడా సయించలేదు. మూడో రోజు పొద్దున్నే రూతు ముందే మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, తాగి తప్పు చేసిన, ఆ తప్పు తీసుకపోయి పసిపిల్ల మీద పెట్టిన, చెప్పుకునే ధైర్యం నాకు లేదు, నువ్వే నన్ను నడిపించు తండ్రీ" అని ఏడ్చాను. కళ్లు తెరిచేసరికి రూతు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేను కూడా వస్తానంది.

మేము వాళ్ల ఊరు చేరేసరికి మల్లయ్య దొడ్డిలోంచి గొర్రెలను వదులుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన తడిక పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"గా దినం తాగి ఉన్నవా?"

"తాగి ఉన్న, మల్లన్నా."

"నా బిడ్డ మీద ఎన్నడు చెయ్యెత్తలే. మొన్న నీ మాట నమ్మి కొట్టిన."

నన్ను కొట్టి ఉంటే బాగుండేది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు, కూతుర్ని బయటికి పిలిచి "నువ్వు సక్కగనే చెప్పినవ్ బిడ్డా" అన్నాడు, ఆ మాట అని తల ఎత్తలేకపోయాడు. ఒక్క అబద్ధం ఇంత దూరం వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మరునాడు మల్లయ్య, శిరీష, నేను ముగ్గురం హైదరాబాద్ బస్సెక్కాం. తాగి ఉండి నేనే తప్పు నింపానని నా చేతితో రాసి, సంతకం పెట్టి యూనివర్సిటీ ఆఫీసులో ఇచ్చాను. దారి పొడుగునా ప్రార్థించాను, అద్భుతం జరుగుతుందనే అనుకున్నాను. జరగలేదు! ఆ అధికారి కాగితం రెండుసార్లు చదివి, ఇప్పుడు మార్చడానికి వీల్లేదన్నాడు. బాటనీ పరీక్షే రాయమని అందరూ చెప్పినా శిరీష ఒప్పుకోలేదు. ఊళ్లో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతూ ఏడాది ఆగింది. ఆ ఏడాది నేను పోగొట్టిందే, దాన్ని తిరిగి ఇవ్వడం నా వల్ల కాదు.

తాగుడు మానడం కూడా తేలిగ్గా కాలేదు. చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, దవాఖానలో పడుకోబెట్టారు, సంఘమంతా వంతులవారీగా వచ్చి నా మంచం పక్కన ప్రార్థన చేసింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఒక్క చుక్క ముట్టలేదు, అది నా గొప్ప కాదు, దేవునికే మహిమ!

మళ్లీ దరఖాస్తుల కాలం వచ్చింది. ఆమె నల్లగొండకో ఇంకెక్కడికో పోతుందనుకున్నాను. ఒక ఉదయం తండ్రితో కలిసి నా సెంటర్లోకే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను సిగ్గుతో కీబోర్డు ఆమె వైపు జరిపి, నువ్వే నింపుకో తల్లీ అన్నాను. ఆమె దాన్ని తిరిగి నా వైపు జరిపింది.

"నువ్వే నింపు అన్నా. నేను పక్కన కూసొని చూస్త."

నిర్ఘాంతపోయాను! క్షమాపణ గురించి చిన్నప్పటి నుంచి ఎన్ని ప్రసంగాలు విన్నానో, కానీ అది నా ఎదురుగా వచ్చి కూర్చోవడం ఎన్నడూ చూడలేదు. వాళ్లు మన సంఘం వాళ్లు కారు, వాళ్ల దేవుళ్లు వాళ్లకున్నారు, అయినా నా ప్రభువు ఆ రోజు ఆ పిల్ల నోటితోనే నాతో మాట్లాడాడు. ఒక్కొక్క వరుస పైకి చదువుతూ నింపాను, మల్లయ్య వెనక నిలబడి విన్నాడు. ఆ ఏడు ఆమెకు కెమిస్ట్రీలో సీటు వచ్చింది, ఎమ్మెస్సీ పూర్తి చేసింది.

సహోదరులారా, మీ తప్పును ఇంకొకరి నెత్తిన పెట్టి మౌనంగా కూర్చున్నవారు మీలో ఎవరైనా ఉంటే, ఈ రోజే లేచి వెళ్లండి. ధైర్యం వచ్చాక వెళ్దామని ఆగకండి. నాకూ రాలేదు, లేకుండానే బయలుదేరాను, ప్రభువే దారిలో తోడు వచ్చాడు. ఆయనను నమ్మండి.