కాన్పుల ఇంటికి తాళం పడబోయిన పొద్దు

ఎమ్మిగనూరులో మా సంఘం నడిపే కాన్పుల ఇంటికి ఈ పొద్దు తాళం పడబోయింది. పాత కార్యదర్శి పోయినాక సర్కారుకు కాగితాలు పంపేవాళ్లు లేక సంఘం రిజిస్ట్రేషన్ రద్దయింది. దాన్ని మళ్లీ బతికించే ప్రత్యేక బిల్లు మద్రాసు శాసనసభలో ఉండగానే, ఆ ఇల్లు దానమిచ్చిన షావుకారు మనవడు ఆదోని నుంచి తాళం తెచ్చినాడు.

"సంఘమే సచ్చిపోయింది. ఇల్లు నాది, ఖాళీ చేయండి" అన్నాడు. కొత్త కార్యదర్శిని నేనే, బిల్లు సంగతి చెప్పబోయినాను.

మంత్రసాని నాగమ్మ గడపకు అడ్డం నిలబడింది. "సంఘం సంగతి నాకు తెల్దప్పా. లోపల బిడ్డ అడ్డం తిరిగింది. పక్కకు జరుగు" అనింది.

అతను అరుగు మీద కూలబడినాడు. సాయంత్రానికి బిడ్డ ఏడుపు వినిపించింది. ఆ తర్వాత తంతి వచ్చింది, బిల్లు నెగ్గిందని. నేను చదివి వినిపిస్తే అతను, "తల్లికి బాగుందా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయినాడు.

ఇంతకీ అతన్ని గెలిచింది మద్రాసు బిల్లా, మా నాగమ్మా? మీరే సెప్పండి.