జగ్గమ్మ వార్డుకు వచ్చిన మంచి పేరు

కలకత్తా వాట్‌గంజ్ పేట జగ్గమ్మకు మూతలేని గిన్నె కనబడితే ఒళ్ళు మండిపోతుంది. ఇంట్లో అంబలి కుండ దగ్గర్నుంచి ఆస్పత్రిలో రోగుల పాలగ్లాసు దాకా అన్నిటికీ మూత ఉండి తీరాలి. ఈ ఆయా నోటికి జడిసి డాక్టర్లు సైతం టీ కప్పు మీద సాసరు బోర్లించేవారు.

ఆ ఏడు ఆమె మొగుడు పోలిరాజు ఓడరేవు డాకులో కాలు నలగ్గొట్టుకుని ఆమె వార్డులోనే పడ్డాడు. ఆపరేషను బాగానే అయింది. పుండు మాత్రం ఆరదు, చీము ఆగదు. ఎదుటి వార్డులోనూ ఇదే గోల. గాలిలోనే క్రిములున్నాయేమోనని ల్యాబువాళ్ళకు అనుమానం వచ్చింది. గడ్డకట్టిన గంజిలాంటిది పోసిన గాజు పళ్ళేలు తెచ్చి, మూతలు తీసి, రెండు వార్డుల్లోనూ పెట్టిపోయారు. గాలిలోంచి పడ్డ క్రిములు అందులో పెరుగుతాయట. ఏ వార్డులో ఎక్కువ పెరిగితే దాన్ని ఖాళీ చేసి, మందు పొగపెట్టి, సున్నం వేస్తారట. ఆయాకు ఇవన్నీ చెప్పడమేమిటి, చోద్యం కాకపోతే!

"ఓలమ్మో, ఇలాగొగ్గీసి ఎల్లిపోనారేటి? ఈగలు వాలవా?" అంటూ జగ్గమ్మ తన వార్డులోవాటికి మూతలన్నీ పెట్టేసింది. తీసుకెళ్ళడానికొచ్చిన బేరరు తనకు పని తప్పిందని సంతోషించి పట్టుకుపోయాడు.

జగ్గమ్మ వార్డులో ఒక్క క్రిమీ లేదని తేలింది. సున్నం ఎదుటి వార్డుకు పోయింది. వీళ్ళకు 'ఆదర్శ వార్డు' అని బోర్డు, ఎర్రజెండా యూనియన్ వారి ఊరేగింపు, తలా ఒక సందేశ్ మిఠాయి. వార్డు గాలి ఇంత శుభ్రం కనుక చీము ఇంటి తిండి వల్లేనని పోలిరాజు అంబలి మాన్పించారు. అయినా తగ్గకపోతే కాలు తీసెయ్యాలన్నారు.

హెడ్ నర్సు నాగేశ్వరి మన తెలుగమ్మాయే. ఆ పళ్ళేల గొప్ప ఏమిటో ఆమె వివరించిన రోజున జగ్గమ్మ నేలమీద కూలబడి ఏడ్చింది.

"నానే మూసీసినాను సిస్టరమ్మా!"

"ఊరుకో జగ్గమ్మా. బోర్డు కూడా కట్టేశారు. ఇప్పుడు ఎవరితో అంటాం?"

"అయితే మా మావని ఆ వార్డుకి మార్చీయండి. మీ కాళ్ళట్టుకుంటాను."

ఆదర్శ వార్డు వదిలి పోతానన్న ఆడదాన్ని చూసి అందరూ నవ్వారు. ఖాళీ అయ్యే మంచం ఎవరికి చేదు? వెంటనే ఒప్పుకున్నారు. కొత్త సున్నం వాసన మధ్య పోలిరాజు పుండు ఆరింది. కుంటుతూనైనా రెండు కాళ్ళతో ఇంటికి నడిచాడు.

ఆ మంచం మీదికి పెద్ద సిఫారసుతో యూనియన్ నాయకుడి బావమరిది వచ్చాడు, చిన్న ఆపరేషనుకి. జగ్గమ్మ అతనికీ ఉన్నమాట చెప్పింది. ఆయా మాషీకి మతి పోయిందని నవ్వాడు. వారం తిరక్కుండా కుట్లు చీముపట్టాయి. అతని పాలగ్లాసు మీద జగ్గమ్మ రోజూ మూత పెడుతూనే ఉంది.