బొట్టు పెట్టిన రాడ్డు

మా నాన్నగారు కొన్న పాత జీపులో గేరు రాడ్డు పక్కనే ఇంకో చిన్న రాడ్డు ఉండేది. అదెందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువులున్న ఒక రైతు ఆ జీపు అమ్ముతూ, "దాన్ని మాత్రం కదపకండి. నేనేనాడూ కదపలేదు, బండి నన్నేనాడూ ఇబ్బంది పెట్టలేదు" అన్నాడట. నాన్నగారు ఆ మాటను ఉపదేశంలా తీసుకున్నారు. దసరాకి అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, కోరుకొండ గుడి నుంచి తెచ్చిన దారం కట్టింది. పూజ అందుకున్నదాన్ని పట్టుకుని లాగే ధైర్యం మా ఇంటావంటా లేదు. బజారుకెళ్లినప్పుడు కూరల సంచీ తగిలించడానికి మాత్రం అది బాగా పనికొచ్చేది.

దాని సంగతి నాకొక్కదానికే తెలుసు. డ్యాష్‌బోర్డు అరలో నూనె మరకల ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే, ఎండాకాలం మధ్యాహ్నాలు అందరూ నిద్రపోతున్నప్పుడు నవలలా చదివాను. గేరుబాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ అనే ఇనప పెట్టె ఉంటుందట. ఆ చిన్న రాడ్డు దానిదే. డైరీలో బొమ్మ వేసుకుని కింద ఇలా రాసుకున్నాను: "ఇంజను బలం పెద్ద కాలవ. ఈ పెట్టె ఆ కాలవ మీది లాకు. మామూలుగా వెనక చక్రాల కాలవకే వదులుతుంది. రాడ్డు ఒక మెట్టు లాగితే ముందు చక్రాల కాలవ తలుపూ తెరుచుకుంటుంది. రెండో మెట్టులో అన్ని తలుపులూ మూత. మూడో మెట్టులో నాలుగు చక్రాలకీ బలం, ఎద్దు నడక, ఎద్దు సత్తువ."

మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, ఇంకొంచెం పప్పు వెయ్యమనడానికే మొహమాటపడే మనిషిని నేను. "మా అమ్మాయి మాట్లాడదండి" అన్నాకే నాన్నగారు నా పేరు చెప్పేవారు.

అలాంటిదాన్ని రామచంద్రపురంలో ఒక స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. పిల్లల ముందైతే నాకు గొంతు వస్తుందని, శిక్షణలో పాఠం చెప్పిన రోజుల్లో కనిపెట్టాను. ఆ ఉద్యోగం నాకు కావాలి. సోమవారం పదింటికి డెమో క్లాసు. ఆలస్యమైతే ఆ అవకాశం తర్వాతివాళ్లకి ఇచ్చేస్తామని ఫోనులో ముందే చెప్పారు.

"మన జీపుండగా బస్సెందుకే?" అన్నారు నాన్నగారు. వంతెన దగ్గర రోడ్డు పని జరుగుతోందని కాలవ గట్టు మీదుగా పోనిచ్చారు. ముందు రోజు వాన పడింది. తొమ్మిదికి పావు తక్కువకి వెనక చక్రాలు రెండూ బంకమట్టిలో దిగబడ్డాయి.

నాన్నగారు ఎక్సలేటరు తొక్కారు. చక్రాలు గిర్రున తిరిగి, పక్క నారుమడిలో ఉన్న ఆడవాళ్ల మీదకి బురద చిమ్మాయి.

"ఏవండోయ్! నారు పోసుకుంటున్నాం గానీ బురద అడగలేదండీ!" అని అందులో పెద్దావిడ కేకేసింది.

గట్టు పక్క చేలో పని చేసుకుంటున్న మా బాబాయి పార భుజాన వేసుకుని వచ్చాడు. "అన్నయ్యా, ట్రాక్టరు పిలుద్దామా?"

"అది వచ్చేసరికి పదకొండవుతుందిరా! పదింటికల్లా అమ్మాయి పంతులమ్మ ఉద్యోగానికి వెళ్లాలి!"

నేను డైరీలోంచి ఆ పేజీ చింపి నాన్నగారి చేతికిచ్చాను.

"ఏంటిది? కళ్లజోడు ఇంటి దగ్గరుండిపోయింది. చదువు."

చదివాను. ఇంజను హోరులో నా గొంతు నాకే వినపడలేదు. ఇంకోసారి, కాలవ అవతలి గట్టుకి కూడా వినపడేలా చదివాను.

"అంటే అమ్మ బొట్టు పెట్టినదాన్ని లాగమంటావు," అన్నారు నాన్నగారు. కూరల సంచీ తీసి నా ఒళ్లో పెట్టారు. రాడ్డుని కళ్లకద్దుకోవాలని వంగారు గానీ స్టీరింగు అడ్డమొచ్చింది. దణ్ణంతో సరిపెట్టుకుని క్లచ్చి తొక్కి లాగారు. తర్వాత ఎంత ఎక్సలేటరు తొక్కినా చక్రం కదల్లేదు.

"చంపేశావే బండిని!"

"చావలేదు నాన్నగారూ. రెండో మెట్టులో ఆపేశారు. అన్ని తలుపులూ మూతపడ్డాయి. ఇంకా లాగండి!"

ఈసారి మూడో మెట్టు పడింది. అయినా వెనక చక్రాలే నెమ్మదిగా గొయ్యి తవ్వుకున్నాయి. ముందు చక్రాలు చుట్టాల్లా చూస్తూ కూర్చున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, పుస్తకంలో చివరి పేజీ. ఒక్కో ముందు చక్రం నడిబొడ్డున హబ్బు అనే బిళ్ల ఉంటుంది. వాటిని చేత్తో తిప్పితే గానీ బలం చక్రానికి అందదు.

"లాకులోంచి నీళ్లొచ్చాయి గానీ చేలోకి మడవ తీయలేదన్నమాట!" అన్నాడు బాబాయి. ఆ పుస్తకం నూట ఇరవై పేజీల్లో చెప్పింది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

చెప్పులు విప్పి దిగాను. కుడి హబ్బు తిరిగింది. ఎడమది బాబాయి పార కర్రతో నాలుగు తగిలించాక తిరిగింది.

"పంతులమ్మగారికి పారాణి బాగా పండిందర్రా!" అంది నారుమడి పెద్దావిడ, మోకాళ్ల దాకా బురదైన నా కాళ్లు చూసి.

జీపు ఒకసారి మూలిగి, నాలుగు చక్రాలతో, ఏ తొందరా లేకుండా పైకొచ్చింది. బాబాయి ఈల వేశాడు.

తారురోడ్డు ఎక్కాక కొత్త కష్టం మొదలైంది. జీపు ఎద్దు నడకే నడుస్తోంది. సైకిళ్లు మమ్మల్ని దాటిపోతున్నాయి. మలుపులో స్టీరింగు బిగుసుకుంది.

"రాడ్డు మామూలుగా వేసెయ్యండి నాన్నగారూ."

"ఇప్పుడే కరుణించింది. అప్పుడే దింపేస్తామా? స్కూలు దాకా ఉండనీ."

"మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం నడవవు. తారు మీద జారడానికి బురదుండదు కదా, వాటిలో అవి కొట్టుకుంటాయి. ఆపండి!"

ఆపి, రాడ్డు మామూలుగా వేశారు. 'ఆపండి' అన్నది నేనేనని ఇద్దరికీ కాసేపటికి గాని అర్థం కాలేదు.

పదికి మూడు నిమిషాల ముందు చేరాం. డెమో క్లాసు కోసం నేను గీసి తెచ్చుకున్న కిరణజన్య సంయోగక్రియ చార్టు బురదలో ముద్దయిపోయింది. ప్రిన్సిపాలుగారు నా కాళ్ల వంక చూసి, గుమ్మంలో నిలబడ్డ నాన్నగారిని అడిగారు: "అమ్మాయి క్లాసులో గట్టిగా మాట్లాడగలదాండీ?"

నాన్నగారు అలవాటుగా "మా అమ్మాయి మాట్లాడ..." అని ఆగారు. "ఈ పూట నన్ను రెండుసార్లు కేకలేసిందండి," అన్నారు.

నేను సుద్దముక్క తీసుకుని బోర్డు మీద, వేరు నుంచి ఆకు దాకా, కాలవ గీశాను.